కుర్చీ మీద వేసిన చేతులు

బుధవారం సాయంత్రం ప్రార్థన కూడికకు కుర్చీలు వేసే పని టైలరక్కది. టైర్ల దుకాణం పైన సంఘంవాళ్లు అద్దెకు తీసుకున్న హాలు అది. పగలు అక్కడ పిల్లలు కరాటే నేర్చుకుంటారు. వాళ్లు వెళ్లగానే టైలరక్క కిటికీలు తెరిచి, చెమట వాసన కాస్త పోయాక, గోడకు ఆనించిన మడతకుర్చీలు ఒక్కొక్కటే విప్పి వరసల్లో వేస్తుంది. వేశాక వెనక్కి వెళ్లి ఒంటికన్నుతో చూస్తుంది. డ్రైక్లీనింగ్ షాపులో రోజంతా ప్యాంట్ల అంచులు కుట్టే మనిషి కదా, వరస వంకరపోతే కుట్టు వంకరపోయినట్టే ప్రాణం కొట్టుకుంటుంది. మళ్లీ సర్దుతుంది. మెట్లు దిగి సగందాకా వెళ్లి, కిటికీ గడియ పెట్టానో లేదోనని మళ్లీ ఎక్కుతుంది. ప్రార్థన కూడా అంతే. మధ్యలో పొయ్యి మీది గిన్నె గుర్తొచ్చిందంటే, మనసు పెట్టి చేయలేదని మొదటినుంచీ మొదలుపెడుతుంది. "మా అమ్మ ఆమెన్ అనేసరికి అన్నం చల్లారిపోతుంది" అని ఆమె చిన్న కూతురు అందరికీ చెబుతుంటుంది.

అన్ని కుర్చీలూ వేశాక ఒకటి మధ్యలో విడిగా పెడుతుంది. దాని మీద ఎవరూ కూర్చోరు. అది రాలేనివాళ్ల కుర్చీ. మంచాన పడ్డవాళ్లు, దూరాన ఉన్నవాళ్లు, ఎవరికోసం మనవి వస్తే వాళ్ల పేరు చెప్పి అందరూ లేచి ఆ కుర్చీ మీద చేతులు వేసి ప్రార్థిస్తారు. ఆ చేతులు ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికి వెళ్లి భుజాల మీద ఉంటాయి. అడిగింది జరిగాక ఎవరి చెయ్యి వాళ్లు వచ్చి కుర్చీ మీది నుంచి తీసుకుంటారు. అప్పటిదాకా ఆ వెచ్చదనమూ, ఆ బరువూ ఆ మనిషిని వదలవు. పలకలు పరిచే మేస్త్రీవాళ్ల అమ్మకు మోకాళ్ల నొప్పులని ఒకసారి ప్రార్థన చేస్తే, ఆవిడ సముద్రం అవతలినుంచి ఫోన్ చేసి, "నొప్పి తగ్గిందిరా, కానీ ఎవరిదో ఉంగరం గుచ్చుకుంటోంది, కాస్త తీసి వెయ్యమను" అంది. అప్పటినుంచీ గుమ్మం దగ్గర ఒక సాసరు పెట్టారు. అందరూ ఉంగరాలు అందులో వేసి లోపలికి వస్తారు.

టైలరక్క భర్త సరుకుల లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండేది తక్కువ. తల్లి, అత్త, ఆడపడుచు, కష్టమో సుఖమో చెప్పుకుందామంటే ఎవరూ దగ్గర లేని ఊరు. ఉన్నదల్లా ఈ సంఘమే. పిల్లలకి జ్వరమొస్తే వీళ్లే, పాఠశాలలో గొడవైతే వీళ్లే. కాబట్టి పెద్దాడి సంగతి ఆమె కడుపులో దాచుకోలేకపోయిందంటే ఆశ్చర్యం లేదు.

పెద్దాడికి చదువు అయిపోవచ్చింది. సాయంత్రాలు సైకిళ్ల షాపులో పనిచేస్తాడు. ఆ సోమవారం తల్లిని తీసుకెళ్లడానికి డ్రైక్లీనింగ్ షాపు వెనకగదికి వచ్చి, గుండీల డబ్బాలో వేళ్లు తిప్పుతూ కూర్చున్నాడు.

"అమ్మా, ఒకటి చెబుతా. కంగారుపడకు."

అప్పటికే కంగారుపడింది ఆమె. మిషను మీది నుంచి కాలు తీసింది.

"నేను ప్రార్థన చేస్తుంటే... అవతల ఎవరూ లేనట్టుందమ్మా. ఖాళీ ఇంటికి ఫోన్ చేసినట్టుంది. చాలా రోజులనుంచి."

ఆమె చేతిలోని కత్తెర పక్కన పెట్టింది.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను నాన్నా."

ఆ మాట అబద్ధంగా అన్నది కాదు. బుధవారం కూడికలో "చెప్పని మనవి ఒకటుంది" అని మాత్రమే అందామనుకుంది. అలా అనొచ్చు, ఎవరూ తరచి అడగరు. కానీ లేచి నిలబడ్డాక అనుమానం పట్టుకుంది. ఆ మధ్య మేస్త్రీ, ఎవరి పేరూ చెప్పకుండా "మా ఇంట్లో ఒకరికి" అని ఊరుకుంటే చేతులన్నీ వెళ్లి పైవాటాలో అద్దెకున్నతని మీద వాలాయి. పాపం అతను ఏమీ తెలియక చాలా రోజులు భుజాలు రుద్దుకుంటూ తిరిగాడు. అలా తన బిడ్డకు చేరాల్సినవి దారి తప్పితే? కొలత సరిగ్గా ఇవ్వకపోతే బట్ట పాడైనట్టు, మనవి సరిగ్గా చెప్పకపోతే పాడవదా? అందుకని కొలత ఇచ్చినట్టే చెప్పింది. మా పెద్దాడు అంది. నమ్మకం పోయిందంటున్నాడు అంది. ఖాళీ ఇంటికి ఫోన్ చేసినట్టుందన్న మాట కూడా వాడన్నట్టే చెప్పింది. చెప్పి ఏడ్చింది.

అందరూ ఉంగరాలు మరోసారి చూసుకుని లేచారు. కుర్చీ వీపు మీద చోటు చాలక ఒకరి చెయ్యి మీద ఇంకొకరు వేశారు. మనవి చెప్పినవాళ్లు చెయ్యి వెయ్యరు, ముందు వరసలో తల వంచుకుని కూర్చుంటారు. టైలరక్క అలాగే కూర్చుంది. గుండె తేలికపడింది.

ఆ సమయానికి పెద్దాడు సైకిలు చక్రం ఊచలు బిగిస్తున్నాడు. ఇంటికి వచ్చేసరికి ముసలివాడిలా వంగి ఉన్నాడు.

"ఎంతమందికి చెప్పావు?"

"నీ మంచి కోసమే నాన్నా..."

"ఇదిగో, ఇక్కడ మేస్త్రీ అంకుల్. సిమెంటుకి గరుకెక్కిన చెయ్యి. ఇది నర్సు ఆంటీది, సబ్బు వాసనొస్తోంది. ఇది పాస్టరుగారిది, కారు నేర్పేటప్పుడు గేరు మార్చినట్టు కదుపుతున్నారు. ఇక్కడ డిపో పక్క మామ్మగారిది. మెడ మీద నలుగురు, ఎవరో కూడా తెలీదు." వాడు ఆమె చేతుల వైపు చూశాడు. "నీది మాత్రం లేదు."

మనవి చెప్పినవాళ్లు చెయ్యి వెయ్యరని ఆమె చెప్పబోయింది. వాడు గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వాడు ఆదివారం ఆరాధనకు రావడం మానేశాడు. కానీ ఆరాధనే వాడి దగ్గరకు వచ్చేది. రొట్టెల దుకాణంలో ఒకరు, బస్సులో ఒకరు, "మనసెలా ఉంది బాబూ?" అని గొంతు తగ్గించి అడిగేవారు. పడుకుంటే భుజాల మీద అంతమంది బరువు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. చిన్నది ఒకరోజు బట్టల బ్రష్షు తెచ్చి అన్న వీపు అంతా దులిపింది. "పోలేదా? పోనీ, తడిగుడ్డతో తుడవనా?" అంది. వాడు నవ్వాడు. తల్లి వైపు చూసి నవ్వు ఆపేశాడు.

ఇంతలో రేవు పట్నంలో పడవ ఇంజన్ల పని నేర్పే చోట వాడికి సీటు వచ్చింది. శనివారం బస్సుకి వెళ్లాలి. చిన్నప్పటినుంచీ వాడు కోరుకున్నదే. అయినా సంచి సర్దుకుంటున్న తీరు చూస్తే టైలరక్కకు భయమేసింది. చలికోట్లు సర్దాడు, ఎండాకాలపు చొక్కాలూ సర్దాడు. గోడ మీది బొమ్మలు కూడా ఊడదీశాడు.

"సెలవులకి వస్తావుగా?"

"ఎంత దూరం పోయినా ఈ చేతులు వస్తాయి. కనీసం వాటి తాలూకు మొహాలు కనపడవు."

అడిగినదానికి అది జవాబు కాదు. జవాబు ఏమిటో ఆమెకు అర్థమైంది. శనివారంలోగా ఆ చేతులు తీయించకపోతే కొడుకు వెళ్లడం కాదు, తిరిగి రాకుండా పోవడమే. షాపులో సెలవు పెట్టి ఇంటింటికీ బయల్దేరింది.

మేస్త్రీ ఎవరిదో స్నానాలగదిలో మోకాళ్ల మీద కూర్చుని పలకలు పరుస్తున్నాడు.

"తీయడానికి నాకేం టైలరక్కా? ఇలా వచ్చి అలా తీస్తా. కానీ అడిగింది ఇంకా రాలేదుగా. సగం గచ్చు పరిచి పారిపోయే మేస్త్రీని కాదు నేను."

"వాడు నిద్రపోవడం లేదు మేస్త్రీగారూ."

"పోనీ మెల్లగా వేస్తా. బరువు ఆనించకుండా." అని గాల్లో అరచెయ్యి తేలిక చేసి చూపించాడు. పాపం, నిజంగానే ప్రయత్నించాడు. ఆ సాయంత్రం పెద్దాడి కుడిభుజానికి కాస్త చక్కిలిగిలి పెట్టినట్టయిందట, అంతే.

నర్సు డ్యూటీకి బయల్దేరుతూ తలుపు దగ్గరే నిలబడి వింది. "కట్టు మధ్యలో విప్పమంటావేంటక్కా?"

"మీ ఇంటి పిల్లాడైతే?"

"మా ఇంటి పిల్లాడైతే నాలుగు కుర్చీలు వేయించేదాన్ని. నువ్వు మరీ మెతకదానివి."

ఎవరి దగ్గరికి వెళ్లినా అంతే. ఎవరూ చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే పోట్లాడి వచ్చేది. ప్రేమతో కాదన్నవాళ్లతో ఏం పోట్లాడుతుంది? ప్రార్థన చేయమని ఇంటింటికీ తిరిగినవాళ్లున్నారు గానీ, ప్రార్థన ఆపమని తిరిగినదాన్ని నేనే కదా అనుకుని, అది పాపమేమోనని మెట్ల మీద నిలబడి క్షమాపణ అడిగింది. అడిగాక, ఏ పాపానికి అడిగానో తేలక మళ్లీ అడిగింది.

పాస్టరుగారు వారమంతా కారు నడపడం నేర్పుతారు. ఒక శిష్యుణ్ణి దింపేసి, ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, అంతా విన్నారు. చాలాసేపు స్టీరింగ్ మీద వేళ్లు ఆడించారు.

"ఆ రోజు నిన్ను మధ్యలో ఆపాల్సింది అమ్మా. పిల్లాడు నీకు చెప్పుకున్నది నీ దగ్గరే ఉండనీ అనాల్సింది. నాకు తోచలేదు."

నేరుగా హాలుకు వెళ్లి, కరాటే పిల్లలు చూస్తుండగానే, కుర్చీ మీది నుంచి తన చెయ్యి తీసుకున్నారు.

"మిగతావి కూడా మీరే..."

"నావల్ల కాదమ్మా. వేసినవాళ్లే తీయాలి. చెప్పి చూస్తాను. వింటారో లేదో."

చివరికి మామ్మగారి దగ్గరికి వెళ్లింది. బస్సుల డిపో పక్క మేడలో, నాలుగో అంతస్తులో, మామ్మగారు ఒక్కతే ఉంటుంది. సంఘంలో అందరికన్నా పెద్దావిడ. మతిమరుపు. తలుపు తీసి, "ఎవరమ్మా?" అంది. టైలరక్క చెప్పింది. మామ్మగారు టీ పెట్టబోయి ఎందుకు లేచానో మర్చిపోయి వచ్చి కూర్చుంది. "ఎవరమ్మా?" అంది మళ్లీ.

"కుర్చీలు వేసేదాన్ని మామ్మగారూ. మా పెద్దాడి మీద మీరు చెయ్యి వేశారు."

"వేశానా? మంచిదే. ఏం కావాలట వాడికి?"

టైలరక్క నోరు తెరిచింది. అంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి మింగేసింది.

"ఏమో మామ్మగారూ. నాకూ తెలీదు."

"తెలీదా? అయితే ఉండనీ. తెలిసేదాకా ఉండనీ పాపం." తన అరచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "తీద్దామన్నా, ఎక్కడ పెట్టానో నాకు గుర్తుండదు తల్లీ. కళ్లజోడూ అంతే."

ఇంటికి వెళ్లేసరికి పెద్దాడు సంచికి తాడు కడుతున్నాడు. "పాస్టరుగారిది పోయింది" అన్నాడు, తల ఎత్తకుండానే.

"మిగతావాళ్లు వినలేదు నాన్నా. మామ్మగారిని అడిగితే..."

"మామ్మగారిది ఉన్నా పర్లేదు. అది ఏమీ అడగట్లేదు. పిట్ట వాలినట్టుంటుంది."

శనివారం పొద్దున బస్సు దగ్గర చిన్నది అన్న నడుం పట్టుకుని వేలాడింది. టైలరక్క రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది. బయటికి తీస్తే ఎక్కడ వాడి మీద వేస్తుందోనని భయం. ఇప్పటికే మోయలేనంత మోస్తున్నాడు, ఇంకొకటి ఎందుకు? రొట్టెముక్కలు సంచి పైజేబులో పెట్టానంది. పెట్టానో లేదోనని మళ్లీ చూసింది. వాడు బస్సెక్కి, వంగిన భుజాలతో పక్కకు తిరిగి సీట్లో ఇరుక్కున్నాడు. చెయ్యి ఊపాడో, అద్దం మీది ఆవిరి తుడిచాడో ఆమెకు తెలియలేదు.

చిన్నదాన్ని పక్కింట్లో దింపి షాపుకి వెళ్లింది. ఎవరిదో కోటుకి జిప్పు మారుస్తుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, మామ్మగారి ఇల్లు ఏ మేడ? నాలుగో అంతస్తులో ఏ తలుపు?"

"నువ్వు బస్సులో కదరా ఉన్నావు!"

"ఊరు దాటకముందే దిగిపోయా. ఆ చెయ్యి ఉన్నట్టుండి బిగుసుకుంది. గట్టిగా పట్టుకుంది నన్ను. ఇప్పుడు వదులవుతోంది. ఏ తలుపమ్మా? తొందరగా చెప్పు!"

"డిపో గోడకి ఆనుకున్న మేడ. మెట్లెక్కగానే ఎడంవైపు. తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గరుంటుంది. నాన్నా, నిదానంగా మెట్లు..." అనేలోగా ఫోన్ పెట్టేశాడు.

జిప్పు సగంలో వదిలేసి పరిగెత్తింది. ఆమె వెళ్లేసరికి అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు విప్పుతున్నారు. మామ్మగారు వంటగదిలో పడి ఉంది. పొయ్యి మీద టీగిన్నె మాడి నల్లబడింది. పెద్దాడు ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ భుజం మీద అరచెయ్యి వేసి, "ఇక్కడే ఉన్నా మామ్మగారూ, ఇక్కడే ఉన్నా" అంటున్నాడు. వేళ్ల సందుల్లో సైకిలు గ్రీజు ఇంకా పోలేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని స్ట్రెచరు అతను అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రి వరండా అంతా సంఘమే. నర్సు లోపలికీ బయటికీ తిరుగుతూ కబుర్లు తెచ్చింది. గండం గడిచిందట. మేస్త్రీ సిమెంటు మరకల బట్టలతోనే వచ్చి, పెద్దాణ్ణి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"చూశావా టైలరక్కా! ఆ దేవుడే వీణ్ణి బస్సు దింపాడు! రేపు ఆదివారం సాక్ష్యం చెప్పించాల్సిందే. ముందు నువ్వు చెప్పు, మొదటినుంచీ, ఆ ఖాళీ ఇంటి ఫోన్ దగ్గర్నుంచీ."

పెద్దాడు తల్లి వైపు చూశాడు. ఆ చూపు ఆమె ఎరుగును. షాపు వెనకగదిలో, గుండీల డబ్బా ముందు చూసిన చూపే.

"వద్దు మేస్త్రీగారూ" అంది. "చెప్పేదుంటే వాడే చెప్పుకుంటాడు. లేకపోతే లేదు. ఆ రోజు కూడా అది నేను చెప్పాల్సిన సంగతి కాదు. వాడు చెప్పొద్దన్నా చెప్పాను."

మేస్త్రీ తన అరచేతిని గోక్కున్నాడు. పెద్దాడి వంగిన వీపును, ఇదివరకు చూడనట్టు, పరకాయించి చూశాడు. "పనుంది, వస్తా" అని వెళ్లిపోయాడు. కాసేపటికి పెద్దాడి కుడిభుజం తాడు తెగినట్టు పైకి లేచింది. పొద్దు వాలేలోగా ఒక్కొక్కరూ ఏదో పని చెప్పుకుని హాలు వైపు వెళ్లారు. నర్సు ఆఖరున వెళ్లింది. "నాకిది నచ్చలేదక్కా" అని చెప్పే వెళ్లింది.

వరండాలో తల్లీ కొడుకూ మిగిలారు. వాడు బెంచీ మీద కాళ్లు చాపి, ఎన్నాళ్లకో వీపు పూర్తిగా ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఆమె జేబులోంచి చెయ్యి తీసింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసి, వాడి భుజం మీద వేసింది. మనసులో ఏమీ అడగకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

వాడు కళ్లు తెరవలేదు. "ఇది నీదేనా?"

"ఆ."

"సరే" అన్నాడు.

రేవు పట్నంలో సీటు ఆగలేదు. తర్వాతి పేరువాడికి ఇచ్చేశారు. మళ్లీ ఏడాదికి చూద్దామన్నారు, ఖాయంగా చెప్పలేమన్నారు. పెద్దాడు ఆ సంగతి చెప్పి, మామూలుగా సైకిళ్ల షాపుకి వెళ్లిపోయాడు. కొడుకు ఇంట్లో ఉన్నందుకు సంతోషించాలో, వాడు కోరుకున్నది పోయినందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు వాడి నమ్మకం ఎలా ఉందో అసలే తెలియదు. ఆదివారం ఆరాధనకు మాత్రం వాడు రాలేదు. అడగాలని రోజుకు పదిసార్లు నోటిదాకా వచ్చేది. అడగలేదు. అడగకుండా ఉండడం తప్ప వాడికోసం చేయగలిగింది ఇంకేమీ కనిపించలేదు.

ఒక పొద్దున ఆమె వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. బల్ల దగ్గర, ఎవరూ కూర్చోని కుర్చీ వెనక పెద్దాడు నిలబడి ఉన్నాడు. కుర్చీ వీపు మీద వాడి అరచెయ్యి. పెదవులు కదలడం లేదు. తల వంచలేదు. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. నీళ్ల కోసమే అలా ఆనుకుని నిలబడ్డాడేమో కూడా.

వెనకనుంచి చిన్నది పరిగెత్తుకొస్తుంటే, టైలరక్క పెదవుల మీద వేలు పెట్టి, దాన్ని భుజాలు పట్టి వెనక్కి తిప్పింది.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లింది. మామ్మగారు దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఎడంభుజాన్ని వేళ్లతో తడుముకుంటోంది.

"ఎవరమ్మా?"

"కుర్చీలు వేసేదాన్ని మామ్మగారూ."

"మంచిదానివే దొరికావు. ఇదిగో, పొద్దున్నుంచీ ఇక్కడ ఎవరిదో కొత్త చెయ్యి. అలవాటు లేనివాళ్లది. చల్లగా ఉంది, కాస్త వణుకుతోంది కూడా. నూనె వాసనేదో వస్తోంది." ముసలావిడ నవ్వింది. "ఎవరిదో నీకు తెలుసా?"

"తెలీదు మామ్మగారూ" అంది టైలరక్క.

ఆ అబద్ధానికి ఆమె క్షమాపణ అడగలేదు.